పేరు పడని కార్డు, పేరు చెరిపిన కార్డు: 1990 టాప్స్ 414పై ఒక పరిశీలన

ఆటగాళ్ల ఫోటోలతో కంపెనీలు అచ్చువేసి అమ్మే బేస్‌బాల్ కార్డులు సేకరించేవారిలో ‘పేరు లేని థామస్’ గురించి వినని వారు చాలా తక్కువ. టాప్స్ కంపెనీ 1990లో విడుదల చేసిన సెట్‌లో మొత్తం 792 కార్డులు ఉన్నాయి. వాటిలో 414వ నంబరు కార్డు ఫ్రాంక్ థామస్‌ది. మామూలు ప్రతిలో ఆటగాడి పేరు ముందువైపు అడుగున, కుడి మూలకు దగ్గరగా ఉన్న చిన్న పెట్టెలో నల్లని అక్షరాలతో ఉంటుంది. అతి కొద్ది ప్రతుల్లో మాత్రం ఆ పెట్టె ఖాళీగా ఉంటుంది. మామూలు ప్రతి కొద్ది డాలర్లకే దొరుకుతుంది, పేరు లేని ప్రతి మంచి స్థితిలో ఉంటే వేల డాలర్లు పలుకుతుంది. ఈ రెండు ధరల మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు, మొదటిదాన్ని రెండోదానిలా కనిపించేలా చేయాలన్న ఆశ కొందరికి కలగడం సహజం. అలాంటి అనుమానంతో నా దగ్గరికి వచ్చిన ఒక కార్డును ఎలా పరిశీలించానో, ఏ ఆధారాలతో నిర్ణయానికి వచ్చానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను హైదరాబాదులో ఆఫ్‌సెట్ ప్రెస్సులలో ప్లేట్లు తయారుచేసే విభాగంలో పని నేర్చుకుని, తరవాత అమెరికాలోనూ అదే పనిలో చాలాకాలం ఉన్నాను. ఫిల్మ్ మీద ప్రతిబింబాన్ని ప్లేటుకు ఎక్కించడం, ఆ ప్లేటులో ఏదైనా లోపం వస్తే అది ఫిల్మ్‌లో పుట్టిందా, ప్లేటులో పుట్టిందా, మెషీన్ మీద పుట్టిందా అని వెతకడం నా రోజువారీ పని. పాత కార్డులను పరిశీలించమని పరిచయస్తులు అడగడం మొదలైంది కూడా ఆ పని వల్లనే. ఆటగాళ్ల గణాంకాలు నాకంటే బాగా తెలిసినవారు ఎందరో ఉన్నారు. ముద్రణ లోపం విషయంలో మాత్రం గణాంకాల కంటే ప్రెస్సు పరిజ్ఞానమే ఎక్కువ అక్కరకు వస్తుంది.

కార్డు తెచ్చినది షికాగో శివార్లలో ఉండే ఒక తెలుగు కుటుంబం. హైస్కూలులో చదువుతున్న అబ్బాయికి వైట్ సాక్స్ జట్టు అంటే ప్రాణం. ఒక కార్డుల ప్రదర్శనలో, గ్రేడింగ్ (ఒక సంస్థ కార్డు అసలుదేనా, ఏ స్థితిలో ఉందో చూసి గ్రేడు ఇవ్వడం) చేయించని కార్డుగా, మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు దొరికిందని తండ్రి దాన్ని కొన్నారు. నచ్చకపోతే కొద్ది రోజుల్లో తిరిగి తీసుకుంటానని అమ్మినవాడు చెప్పాడట. “అన్నగారూ, గ్రేడింగుకు పంపితే ఫీజూ పోతుంది, ఈలోగా వెనక్కిచ్చే గడువూ దాటిపోతుంది. మీరొకసారి చూసి చెప్తే ధైర్యంగా ఉంటుంది,” అన్నారాయన. నిజానికి ఆ తొందరే ఇలాంటి అమ్మకాలకు ఊతం. గ్రేడింగ్ సంస్థ కంటే ముందు, చేతిలో లూపు (చిన్న భూతద్దం), ఒక టార్చిలైటు, పక్కన పెట్టి పోల్చడానికి ఒక మామూలు 414 ఉంటే ఎంతవరకు తేల్చవచ్చో చూద్దామన్నాను.

థామస్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఆబర్న్ విశ్వవిద్యాలయంలో ఆడుతుండగా 1989 జూన్ డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) వైట్ సాక్స్ జట్టు అతణ్ణి మొదటి రౌండులో, మొత్తం మీద 7వ ఆటగాడిగా ఎంచుకుంది. అందుకే 1990 కార్డులో అతను వైట్ సాక్స్ దుస్తుల్లో కాక కళాశాల జట్టు దుస్తుల్లో కనిపిస్తాడు. తరవాత 1993, 1994లలో వరుసగా అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు, 521 హోమ్ రన్లు కొట్టాడు, 2014లో మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఇదే ముద్రణ లోపం ఎవరికీ గుర్తులేని ఆటగాడి కార్డు మీద వచ్చి ఉంటే, దాన్ని ఇంత శ్రద్ధగా ఎవరూ వెతికేవారు కారు. ఆ మాట ఊరికే అనడం లేదు. అదే లోపం నిజంగానే ఇతర ఆటగాళ్ల కార్డుల మీద కూడా పడింది. దానికి ఎన్నో ఏళ్లపాటు ఎవరూ విలువ కట్టలేదు. ఆ సంగతి తరవాత వివరిస్తాను, ఎందుకంటే ఈ పరిశీలనకు కీలకం అదే.

ఆ పెట్టె ఎలా ఖాళీ అయింది

రంగుల ఆఫ్‌సెట్ ముద్రణలో నాలుగు సిరాలు ఉంటాయి: పసుపు, మెజెంటా, సయాన్, నలుపు. ప్రతి రంగుకు ఒక ఫిల్మ్, ఒక ప్లేటు విడివిడిగా ఉంటాయి. ఫోటోలో కనిపించే రంగులన్నీ ఈ నాలుగింటి సన్నని చుక్కలు ఒకదాని పక్కన ఒకటి, ఒకదానిమీద ఒకటి పడడం వల్ల ఏర్పడినవే. అక్షరాలు, సన్నని గీతలు మాత్రం సాధారణంగా చుక్కలుగా కాకుండా ఒకే ముద్దగా, ఎక్కువగా నలుపు ప్లేటు నుంచే పడతాయి. 414లో థామస్ పేరు అలా నలుపు ప్లేటు నుంచి వచ్చినదే. పెట్టెలోని రంగు వేరే ప్లేట్ల నుంచి ముందే పడి ఉంటుంది. దాని మీద నల్లని పేరు అచ్చవుతుంది. కాబట్టి నలుపు పడకపోతే కింద తెల్ల కాగితం కనిపించదు, పెట్టె రంగు ఏ గీతా లేకుండా నిండుగా కనిపిస్తుంది. అసలైన పేరు లేని కార్డులో చూడవలసిన మొదటి లక్షణం ఇదే.

ఇక నలుపు ఎందుకు పడలేదన్న ప్రశ్న. ఆ రోజుల్లో అమెరికాలో ఎక్కువగా నెగటివ్ ప్లేట్లు వాడేవారు. నెగటివ్ ఫిల్మ్‌లో అక్షరం ఉన్నచోట పారదర్శకంగా, మిగతా చోటంతా నల్లగా ఉంటుంది. ఫిల్మ్‌ను ప్లేటుకు అదిమిపెట్టి బలమైన వెలుతురు వేస్తే, పారదర్శకమైన చోట వెలుతురు దిగి ప్లేటు మీద పూత గట్టిపడుతుంది. గట్టిపడిన ఆ భాగమే తరవాత సిరాను పట్టుకుంటుంది. వెలుతురు వేసేటప్పుడు ఫిల్మ్ మీద ఒక కాగితం ముక్కో, టేపు ముక్కో, చిరిగిన ఫిల్మ్ పీలికో పడి ఉంటే, దాని నీడ ఉన్నంత మేర పూత గట్టిపడదు. ఎండలో పని చేసేవాడి మణికట్టు మీద గడియారం ఉన్నచోట చర్మం నల్లబడనట్లే, ఆ చోట ప్లేటుకు ప్రతిబింబం అందదు. ప్లేటు కడిగాక అక్కడ అక్షరం ఉండదు, మెషీన్ ఎక్కాక అక్కడ సిరా నిలవదు.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. అడ్డుపడిన వస్తువుకు చదువు రాదు. అది అక్షరాలను ఏరి మూయదు. తాను ఆక్రమించిన స్థలాన్నంతా మూస్తుంది. ఆ స్థలంలో పేరుంటే పేరు పోతుంది, గీత ఉంటే గీత పోతుంది, ఫోటోలోని నల్ల చుక్కలుంటే అవీ పోతాయి. అందువల్ల ఆ లోపం ఆకారం ఆ వస్తువు ఆకారమే తప్ప పేరు ఆకారం కాదు. చేత్తో చెరిపేవాడు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: అతను అక్షరాలను వెతికి అక్షరాలనే చెరుపుతాడు, మిగతాది చెక్కు చెదరకుండా ఉంచాలని ప్రయత్నిస్తాడు. నా పరిశీలన మొత్తం ఈ ఒక్క తేడా మీదే నిలబడింది.

కార్డును విడిగా కాక షీటులో భాగంగా చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. ఆ కాలంలో టాప్స్ కార్డులను ఒకవైపు 11, మరోవైపు 12 చొప్పున అమర్చి 132 కార్డుల షీట్లుగా అచ్చువేసేవారు. 792 కార్డుల సెట్‌కు అలాంటి అమరికలు 6 సరిపోతాయి. షీటు అచ్చయ్యాక మాత్రమే కట్టింగ్ మెషీన్ మీద కార్డులుగా కోస్తారు. అంటే ప్లేటు మీద నీడ పడే సమయానికి ‘థామస్ కార్డు’ అనే ప్రత్యేక వస్తువు లేదు. పక్కపక్కనే ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న బొమ్మల వరుస మాత్రమే ఉంది. నీడ థామస్ కార్డు హద్దు దగ్గర ఆగవలసిన అవసరం లేదు, ఆగలేదు కూడా. 1990 సెట్‌లో అదే షీటులోని మరికొన్ని కార్డుల మీద, ఫోటో చుట్టూ ఉండవలసిన సన్నని నల్ల అంచుగీతలు కొన్నిచోట్ల మాయమైనట్లు సేకర్తలు గుర్తించారు. ఆ కార్డులను షీటులో వాటి స్థానాల్లో పేర్చి చూసినప్పుడు, ఒక కార్డులో తెగిన గీత పక్క కార్డులో తెగిన గీతతో కలిసి, ఒకే అడ్డు నీడ షీటు మీద పరుచుకున్న దారిని చూపిస్తుంది. థామస్ పేరు పెట్టె ఆ దారిలో పడింది. ఈ గుర్తింపు వచ్చేదాకా పేరు లేని థామస్‌ను అందరూ ఒంటరి వింతగానే చూశారు. నా దృష్టిలో ఈ సెట్ మీద జరిగిన అత్యంత విలువైన పరిశోధన ఇదే. ధరల పట్టికలు చెప్పలేనిది తెగిన గీతలు చెప్పాయి.

లోపాల్లో తరగతులు

సేకర్తలు లోపాలన్నిటినీ ఒకే గాటన కట్టరు. ధరల పుస్తకాల్లో తప్పు ఉన్న కార్డుకు, సరిదిద్దిన కార్డుకు, సరిదిద్దకుండా వదిలేసిన తప్పుకు, వేరియేషన్‌కు (ఒకే కార్డు కాస్త వేరే రూపంలో వచ్చిన ప్రతికి) వేర్వేరు సంకేతాలు ఉంటాయి. వీటి వెనక ఉన్న అసలు ప్రశ్న, తప్పు ఏ దశలో పుట్టింది, దాన్ని ఎవరైనా గమనించి ఆపారా అన్నదే.

1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టి206 సెట్‌లో ఫిలడెల్ఫియా ఆటగాడు షెర్రీ మెగీ పేరు తప్పు స్పెల్లింగుతో అచ్చయింది, తరవాత సరిదిద్దారు. తప్పుడు స్పెల్లింగు ఉన్న ప్రతులు తక్కువగా మిగిలాయి కాబట్టి నూరేళ్లు దాటినా వాటికి గిరాకీ తగ్గలేదు. ఇది అక్షరాలు కూర్చే దశలో పుట్టిన తప్పు. 1957 టాప్స్ సెట్‌లో 20వ కార్డు మీద హాంక్ ఆరన్ ఎడమచేతి వాటం బ్యాటర్‌గా కనిపిస్తాడు, చొక్కా మీద అంకె కూడా తిరగబడి ఉంటుంది. కారణం ఫోటో నెగటివ్‌ను తిప్పి పెట్టడమే. దాన్ని కంపెనీ సరిదిద్దలేదు; అందువల్ల ఆ సంవత్సరం ఆరన్ కార్డులన్నీ తిరగబడ్డవే, ఆ తప్పు వల్ల ధర పెరగదు. 1989లో అప్పర్ డెక్ అనే మరో కార్డుల కంపెనీ తన మొదటి సెట్‌లో 357వ కార్డు మీద డేల్ మర్ఫీ ఫోటోను అలాగే తిప్పింది, కానీ మధ్యలోనే సరిచేసింది. తప్పు ఒకటే అయినా, సరిదిద్దారా లేదా అన్నదాన్ని బట్టి రెండు కార్డుల తలరాతలు మారిపోయాయి.

అదే 1989లో ఫ్లీర్ అనే కంపెనీ సెట్‌లోని 616వ కార్డు ఈ అంశంలో ఒక పెద్ద పాఠం. బాల్టిమోర్ ఆటగాడు బిల్లీ రిప్‌కెన్ పట్టుకున్న బ్యాటు పిడి చివర ఒక బూతు మాట రాసి ఉన్న సంగతి ముద్రణకు ముందు ఎవరి కంటా పడలేదు. బయటపడ్డాక ఫ్లీర్ దాన్ని కప్పిపుచ్చడానికి ఒకటి కాదు, అనేక పద్ధతులు వాడింది: నల్లని గీతలతో కొట్టివేత, నల్లని పెట్టె, తెల్లగా పూసివేత. ఒక్కో పద్ధతికి ఒక్కో వేరియేషన్ పుట్టింది. తెల్లగా పూసినవి తక్కువ సంఖ్యలో బయటికి వచ్చాయి కాబట్టి వాటి ధర మిగిలినవాటి కంటే ఎక్కువ. ఇక్కడ ప్రతి మార్పూ కంపెనీ తెలిసి చేసినది. అందుకే వాటిని వేరియేషన్లు అనడంలో ఎవరికీ అభ్యంతరం లేదు.

పేరు లేని థామస్ ఈ తరగతుల్లో ఏ గడిలోనూ సరిగ్గా ఒదగదు. అది స్పెల్లింగు తప్పు కాదు, ఫోటో తప్పు కాదు, కంపెనీ ఉద్దేశపూర్వకంగా చేసిన మార్పు అసలే కాదు. దీన్ని ఉత్త ముద్రణ లోపం అని కొట్టిపారేసే పాత సేకర్తలు ఇప్పటికీ ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. షీటు మీద ఈగ వాలినట్టు ఒక్కసారి పడి పోయిన మచ్చ వేరు. ప్లేటు మీద స్థిరపడి, ఆ ప్లేటు నడిచినంతసేపు ఒకే ఆకారంలో, ఒకే చోట, ప్రతి షీటు మీదా పునరావృతమైన లోపం వేరు. మొదటిది ప్రమాదం, రెండోది ఒక ముద్రణ స్థితి. పునరావృతం అవుతున్నప్పుడు దాన్ని వేరే ప్రతిగా గుర్తించడం న్యాయమే.

దీనికి ముందటి తరంలో దగ్గరి చుట్టాలు రెండున్నాయి. 1957 టాప్స్ 176వ కార్డు వెనకవైపు జీన్ బేకర్ ఇంటిపేరు చివరి అక్షరం ‘ఆర్’కు కాలు విరిగి ‘పి’లా కనిపించే ప్రతులు ఉన్నాయి. 1958 టాప్స్ 433వ కార్డు మీద పాంచో హెరెరా పేరులో చివరి ‘ఎ’ అక్షరం పూర్తిగా లేని ప్రతులు అతి అరుదుగా దొరుకుతాయి. హెరెరా విషయంలో చివరి అక్షరం సగం సగంగా కనిపించే మధ్యంతర ప్రతులు కూడా ఉన్నాయి. ఆ ఒక్క వివరం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ప్లేటు తయారీలో నీడ పడి ఉంటే అక్షరం అన్ని ప్రతుల్లోనూ ఒకే తీరున పోవాలి; సగం సగం కనిపించే దశలు ఉన్నాయంటే అడ్డు మెషీన్ మీద, ముద్రణ నడుస్తుండగా కదిలిందనో కరిగిందనో అనుకోవడానికి ఎక్కువ అవకాశం ఉంది. లోపం ఎక్కడ పుట్టిందో చెప్పేవి ఇలాంటి మధ్యంతర ప్రతులే.

బల్ల మీద కార్డు

ముందు చేసిన పని రెండు కార్డులను పక్కపక్కన పెట్టి, గది దీపాలు ఆర్పి, టార్చిలైటును బల్లకు దాదాపు సమాంతరంగా పట్టుకుని చూడడం. నిలువుగా పడే వెలుతురులో కనిపించని ఎత్తుపల్లాలు ఏటవాలు వెలుతురులో నీడలుగా బయటపడతాయి. మామూలు 414లో మెరుపు కార్డు ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా సాగింది. పేరు అక్షరాల మీద కూడా ఆ మెరుపు ఉంది. అనుమానిత కార్డులో ఫోటో మీద మెరుపు బాగానే ఉంది, పైనున్న జట్టు పేరు దగ్గరా బాగానే ఉంది, పేరు పెట్టెలోకి రాగానే మాత్రం మసకబారింది. ఆ మసక పెట్టె అంతటా సమానంగా లేదు. మధ్యలో, అక్షరాలు ఉండవలసిన ఎత్తులో, ఒక పట్టీలా అడ్డంగా పరుచుకుని ఉంది. పెట్టెలో పై అంచుకు, కింది అంచుకు ఆనుకుని సన్నని చోటు మాత్రం మెరుస్తూనే ఉంది. అక్షరాలను రుద్దిన చేయి అంచులు చెడకుండా జాగ్రత్తపడిందని ఆ మెరుపు చెబుతోంది.

ఈ ఒక్కదానితో నిర్ణయానికి రాకూడదు. కార్డు ఎక్కడో రాపిడికి గురైనా మెరుపు పోవచ్చు, ఆ రాపిడి యాదృచ్ఛికంగా అక్కడే పడవచ్చు. కాబట్టి 10 రెట్ల లూపుతో పెట్టె చుట్టూ ఉన్న సన్నని నల్లగీతను చూడడం మొదలుపెట్టాను. అది నాలుగు వైపులా నిండుగా, పదునుగా, ఎక్కడా తెగకుండా ఉంది. నాకు అసలు అనుమానం బలపడింది ఇక్కడే. అసలైన పేరు లేని కార్డులో పేరుతో పాటు దాని పరిసరాల్లోని నల్లగీత కూడా కొంతమేర మాయమవుతుంది, ఎందుకంటే నీడ పెట్టె లోపల మాత్రమే పడలేదు. పేరులోని ప్రతి అక్షరాన్నీ పూర్తిగా మూసివేసి, వాటికి వెంట్రుకవాసి దూరంలో ఉన్న గీతను నాలుగు వైపులా ముట్టుకోకుండా వదిలే అడ్డు ముక్కను నేను నా పనిలో ఎన్నడూ చూడలేదు. అలాంటిది ఉండాలంటే ఎవరో కొలిచి కోసి పెట్టాలి.

తరవాత పేరు పెట్టెకు పైన, ఫోటో అడుగు భాగంలో నల్ల చుక్కలను చూశాను. ఫోటోలో నీడలు ఉన్నచోట నలుపు చుక్కలు మిగతా మూడు రంగులతో కలిసి ఒక క్రమంలో కూర్చుంటాయి. నలుపు లేనిచోట ఆ భాగం కాస్త పేలవంగా, గోధుమ లేదా ఊదా ఛాయలోకి జారినట్లు కనిపిస్తుంది. మామూలు 414తో పోల్చినప్పుడు అనుమానిత కార్డులో ఆ భాగంలో ఒక్క చుక్క తేడా కూడా కనిపించలేదు. అంటే నలుపు ప్లేటు ఈ కార్డుకు సంబంధించినంతవరకు పూర్తిగా పనిచేసింది. పూర్తిగా పనిచేసిన ప్లేటు నుంచి ఒక్క పేరు మాత్రమే ఎలా తప్పిపోతుంది?

చివరిగా డిజిటల్ మైక్రోస్కోపు కింద పెట్టె లోపల వెతికాను. చెరిపిన కార్డుల్లో నేను మొదట చూసేది సిరా లేకపోవడాన్ని కాదు, మిగిలిపోయిన సిరాను. ఇలాంటి కార్డుల అట్ట కంటికి నున్నగా కనిపించినా దగ్గరగా చూస్తే పీచు పీచుగా ఉంటుంది. అచ్చు వేసేటప్పుడు సిరా ఆ పీచుల సందుల్లోకి దిగుతుంది. రబ్బరుతో రుద్దినా, ద్రావకంతో తుడిచినా పైపొర పోతుంది గాని సందుల్లో దిగినది అంత సులువుగా పోదు. పెట్టె ఎడమ చివర, మొదటి అక్షరపు నిలువు గీత ఉండవలసిన చోట, ఆవగింజలో వెయ్యో వంతు లాంటి నల్లని రేణువులు పైనుంచి కిందికి ఒక వరుసలో కనిపించాయి. మామూలు కార్డును అదే కొలతతో పక్కన పెట్టి చూస్తే ఆ వరుస సరిగ్గా ఆ గీత మీదే పడింది. అలాంటివే మధ్యలో మరో రెండు చోట్ల ఉన్నాయి. అంతేకాదు, అక్షరాల ఆకారంలోనే పెట్టె రంగు కాస్త పలచబడి ఉంది. పక్కన ఖాళీగా ఉండవలసిన చోట ఆ రంగు నిండుగా ఉంది. నలుపు అసలు పడని కార్డులో ఇది జరగడానికి వీల్లేదు, అక్కడ రంగు పూత మీద ఎవరూ చేయి పెట్టరు కాబట్టి.

ఇతర అవకాశాలను కూడా పక్కన పెట్టకుండా ఆలోచించాను. 1982 టాప్స్ సెట్‌లో నలుపు పూర్తిగా పడని కార్డులు ఉన్నాయి. వాటిలో ఆటగాడి సంతకం ముద్ర కూడా కనిపించదు. ఇది అలాంటిదేమో అనుకుంటే, అప్పుడు నలుపు కార్డు అంతటా లేకపోవాలి, ఇక్కడ పేరు తప్ప మిగిలిన నలుపంతా ఉంది. ప్లేటు మీదో బ్లాంకెట్ (ప్లేటు నుంచి సిరాను కాగితానికి చేర్చే రబ్బరు పొర) మీదో దుమ్ము కణం పడితే వచ్చే చుక్క లోపానికి మధ్యలో ఒక బొట్టు, చుట్టూ తెల్లని వలయం ఉంటాయి. అది గుండ్రంగా, చిన్నదిగా ఉంటుంది, మొత్తం పేరును మింగేంత పెద్దది కాదు. ఇది పూర్తిగా కొత్తగా అచ్చేసిన నకిలీ కార్డేమో అన్నది మూడో అవకాశం. దానికి చుక్కల అమరిక చూస్తే చాలు: స్కాన్ చేసి తిరిగి అచ్చేసిన కార్డుల్లో అక్షరాలు, గీతలు కూడా చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి. ఇక్కడ గీతలు ముద్దగా, పదునుగా ఉన్నాయి. అట్ట మందం, వెనకవైపు అచ్చు మామూలు కార్డుతో సరిపోయాయి. కార్డు 1990 నాటి అసలు టాప్స్ కార్డే. కానిది దాని ఖాళీ మాత్రమే.

నివేదికలో ఏం రాశాను

నా నివేదిక ఒక పేజీ. కార్డు అసలైన 1990 టాప్స్ 414 అని, ముద్రణ సమయంలో దాని మీద పేరు ఉందని, ఆ పేరు తరవాత తొలగించబడిందని రాశాను. ‘ఎవరు తొలగించారు’ అన్నది ముద్రణ పరిశీలన చెప్పగల విషయం కాదు. అమ్మినవాడికే ఆ సంగతి తెలియకపోవచ్చు. కార్డు అతని దగ్గరికి రాకముందు ఎన్ని చేతులు మారిందో ఎవరికి తెలుసు. అందుకే మోసం అన్న మాట రాయలేదు, ‘మార్పు చేసిన కార్డు’ అన్న మాటతో ఆపాను. ఆ జాగ్రత్త వల్ల ఆ తండ్రికి మేలు జరిగిందనే నా నమ్మకం. నివేదికను, ఏటవాలు వెలుతురులో తీసిన ఫోటోలను, తెగని గీతకు దగ్గరగా తీసిన ఫోటోను గడువులోగా చూపించగా, వాదన లేకుండా డబ్బు తిరిగి వచ్చింది.

గ్రేడింగ్ సంస్థకు పంపి ఉన్నా ఇదే తేలేదని నేను అనుకుంటున్నాను. పీఎస్‌ఏ వంటి సంస్థలు పేరు లేని థామస్‌ను ప్రత్యేకంగా గుర్తించి లేబుల్ మీద రాస్తాయి. మార్పు చేసిన కార్డుకు గ్రేడు ఇవ్వవు. ఈ కార్డు విషయంలో, గ్రేడింగ్ సంస్థ కేసులో భద్రపరిచిన ప్రతి తప్ప విడి ప్రతిని పెద్ద ధరకు కొనవద్దని నేను అడిగినవారికల్లా చెబుతాను. తక్కువ ధరకు, గ్రేడింగ్ లేకుండా, గడువుతో దొరికే ప్రతిని మాత్రం కొనే ముందు అక్కడికక్కడే లూపుతో గీతలు చూడమంటాను. పేరు ఉండే చోటు కంటే పేరు పక్కన ఉండే చోటు ముందు చూడాలి.

అబ్బాయి నన్ను అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది: “అంకుల్, అదే షీటులో పక్క కార్డుల గీతలు కూడా పోయాయన్నారు కదా, అవి ఇప్పుడెక్కడ ఉంటాయి?” సమాధానం సులువు. 1990 నాటి కార్డులు విపరీతమైన సంఖ్యలో అచ్చయ్యాయి, వాటికి పెద్దగా ధర లేదు, పెట్టెలకు పెట్టెలు ప్రదర్శనల్లో బల్లల కింద పడి ఉంటాయి. థామస్ కార్డు కోసం ఆ పెట్టెలను ఎప్పుడో గాలించి వదిలేశారు. పక్క కార్డుల కోసం అంత శ్రద్ధగా గాలించినవారు తక్కువ, ఎందుకంటే వాటి మీద పేర్లు ఉన్నాయి. పోయినది అంచుగీతలో ఒక చిన్న ముక్క. ఆ పెట్టెల్లో 1990 టాప్స్ కార్డులు తిరగేసేటప్పుడు ఫోటో చుట్టూ నల్ల అంచు గీత ఎక్కడైనా హఠాత్తుగా ఆగిపోయి, కొంత దూరం తరవాత తిరిగి మొదలైందేమో చూడాలి. గీత క్రమంగా పలచబడితే అది సిరా తక్కువైన సాధారణ లోపం. కత్తిరించినట్లు ఆగి, పక్క అంచు దగ్గర అదే వాలులో మళ్లీ తెగితే, ఆ కార్డును విడిగా పెట్టి, అదే ఆటగాడి మరో కార్డుతో పోల్చి, తేడా ఖాయమైతే కార్డు నంబరు, తెగిన చోటు రాసి పెట్టుకోవాలి. రెండు మూడు అలాంటి కార్డులు దొరికాక వాటిని కోయని షీటు ఫోటో మీద వాటి స్థానాల్లో ఉంచి చూస్తే, తెగిన ముక్కలు ఒకదాని తరవాత ఒకటి ఒకే దారిలో కలుస్తాయో లేదో తేలుతుంది.